కొత్త టెక్నాలజీని ఇంట్లోకి రానివ్వాలా వద్దా: కొనేముందు నేను వేసుకునే రెండు ప్రశ్నలు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నాన్నగారికి గుండె లయ చూసే స్మార్ట్ వాచ్ కొనాలనుకుంటున్నారు. ఇంటికి కెమెరాలు, వేలిముద్రతో తెరుచుకునే తాళం పెట్టించాలనుకుంటున్నారు. పిల్లలు హోంవర్క్‌కి ఏఐ చాట్‌బాట్ వాడుతున్నారు. బంధువులెవరో డీఎన్ఏ పరీక్ష కిట్ బహుమతిగా ఇచ్చారు. ఒకళ్లేమో ఇవన్నీ వరమంటున్నారు, ఇంకొకళ్లేమో కొరివితో తల గోక్కోవడమంటున్నారు. ఎవరి మాట వినాలి, ఇప్పుడే కొనాలా, కొన్నాళ్లు ఆగాలా అన్నది మీ సందేహం.

ఇంటర్నెట్‌కి తగిలించే పరికరాలు మార్కెట్లోకి వెళ్లకముందు వాటిలో భద్రతా లోపాలు వెతకడం నా ఉద్యోగం. చాలా ఏళ్లుగా అదే పని. కాబట్టి నా చూపు కాస్త అనుమానం వైపే ఒరుగుతుంది, అది లెక్కలో వేసుకుని చదవండి. అలాగని నేను వీటికి దూరంగా ఉండే మనిషిని కాదు. వాచ్ ఉంది, చాట్‌బాట్ రోజూ వాడతాను. డీఎన్ఏ కిట్ జోలికి మాత్రం పోలేదు. కారణం కింద చెప్తాను.

"ఇది మంచిదా చెడ్డదా" అని అడిగితే ఏ టెక్నాలజీ గురించీ పనికొచ్చే జవాబు రాదు. నేను అడిగేవి వేరే. ఇది తేడా కొడితే జరిగిన నష్టాన్ని వెనక్కి తీసుకోగలనా? ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? లాభం ఎప్పుడూ ముందే కనిపిస్తుంది, డబ్బాలోంచి తీసిన రోజే తెలిసిపోతుంది. నష్టం ఆలస్యంగా వస్తుంది, చాలాసార్లు కొన్నవాడి మీద కాకుండా పక్కవాడి మీద పడుతుంది. మనం పొరపాటు పడేది సరిగ్గా అక్కడే.

ఇది ఈ తరానికి కొత్తగా వచ్చిన గొడవేం కాదు. 1920ల నుంచి 1950ల దాకా అమెరికా, యూరప్ చెప్పుల దుకాణాల్లో ఎక్స్‌రే పెట్టెలు ఉండేవి. పిల్లలు బూట్లు వేసుకుని అందులో కాళ్లు పెడితే లోపల ఎముకలు ఆకుపచ్చగా కనిపించేవి, బూటు సరిపోయిందో లేదో చూసి చెప్పేవారు. పిల్లలకది ఆట, తల్లిదండ్రులకి భరోసా, దుకాణదారుకి బేరం. రోజంతా ఆ పెట్టె పక్కనే నిలబడే ఉద్యోగి ఒంటికి తగిలే రేడియేషన్ మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు. సీసం కలిపిన పెట్రోలు సంగతి ఇంకా ఘోరం. 1920ల మొదట్లో అమ్మకానికి వచ్చింది, ఇంజిన్ చప్పుడు తగ్గింది, బండి నడిపేవాడికి హాయి. ఆ పొగ పీల్చినవాళ్లలో బండి లేనివాళ్లు, పసిపిల్లలు కూడా ఉన్నారు. ప్రపంచంలో చిట్టచివరి దేశంగా అల్జీరియా దాన్ని ఆపేసింది 2021లో. అంటే దాదాపు వందేళ్లు.

అయితే లాభం వైపు తక్కువ చేసి మాట్లాడడం నాకిష్టం లేదు. అవసరం లేని మనిషికి ఆటవస్తువులా కనిపించేది అవసరమున్న మనిషికి జీవితాన్నే మార్చేస్తుంది. నాతో పనిచేసే ఒకావిడకి వినికిడి చాలా తక్కువ. ఇదివరకు మీటింగుల్లో అందరి పెదాలూ చూస్తూ కూర్చునేది, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే వదిలేసేది. ఇప్పుడు ఫోన్ బల్ల మీద పెడుతుంది, మాటలు అక్షరాలుగా తెర మీద పరిగెడతాయి. మా మేనేజర్ పేరుని ఆ యాప్ ఎప్పుడూ తప్పే రాస్తుంది. ఆ పేరు రాగానే ఆవిడ నవ్వుకుంటూ తెర నావైపు తిప్పుతుంది. అదే యాప్ నాకిస్తే రెండు రోజుల్లో తీసేస్తాను. చూపు లేనివాళ్లకి కెమెరా ముందున్నది చదివి వినిపించే సీయింగ్ ఏఐ లాంటివి కూడా ఇదే కోవలోకి వస్తాయి. సీసా మీద మందు పేరు ఎవరినీ అడగకుండా తెలుసుకోవడం అంటే ఏమిటో కళ్లున్నవాళ్లకి ఊహకందదు. ఇక్కడ తప్పులు దొర్లుతాయి నిజమే. కాకపోతే వాడేవాళ్లకి ఆ సంగతి తెలుసు, అనుమానమొస్తే మళ్లీ చూపిస్తారు.

ఇక మీ నాన్నగారి వాచ్. వాచ్ వెనక ఆకుపచ్చ దీపం మిణుకుమిణుకుమంటుంది చూశారా? రక్తం ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులో రక్తం పెరిగి, తిరిగొచ్చే కాంతి తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల మధ్య వ్యవధి చూసి లయ తప్పుతోందా లేదా అని వాచ్ అంచనా వేస్తుంది. ఆపిల్ వాచ్ మీద స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం చేసిన అధ్యయనం ఫలితాలు 2019లో వచ్చాయి. సుమారు 4 లక్షల 19 వేల మంది పాల్గొన్నారు. వాళ్లలో 0.52 శాతం మందికే "మీ లయలో తేడా ఉంది" అన్న హెచ్చరిక వచ్చింది. అలా హెచ్చరిక అందుకుని, తర్వాత ఛాతీకి ఈసీజీ ప్యాచ్ అతికించుకుని తిప్పి పంపినవాళ్లలో 34 శాతం మందికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పే జబ్బు, ఖాయమైంది. మిగతావాళ్లందరికీ వాచ్ అబద్ధం చెప్పిందనుకోకండి. ఈ జబ్బు వచ్చి పోతూ ఉంటుంది, ప్యాచ్ ఉన్న రోజుల్లో రాకపోయి ఉండొచ్చు.

ఇక్కడ వయసు ముఖ్యం. ఒక చిన్న లెక్క వేద్దాం. పదివేల మందిలో పది మందికే జబ్బుందనుకోండి, పరీక్ష నూటికి తొంభైతొమ్మిది సార్లు సరిగ్గా చెప్తుందనుకోండి. జబ్బున్న పదిమందినీ పట్టుకుంటుంది. జబ్బులేని 9,990 మందిలో కూడా వందమందిని భయపెడుతుంది. అంటే హెచ్చరిక వచ్చిన పదకొండు మందిలో ఒక్కరికే జబ్బు. అదే పరీక్షని జబ్బు ఎక్కువగా ఉండే వయసువాళ్ల మీద వాడితే ఈ నిష్పత్తి తిరగబడుతుంది. అందుకే అరవై ఐదు దాటిన మీ నాన్నగారికి ఆ వాచ్ ఉపయోగం, ఇరవై ఐదేళ్ల మీ తమ్ముడికి అదే వాచ్ అనవసరపు దిగులు. పడిపోతే గుర్తించి ఫోన్ చేసే సదుపాయం ఒక్కటి చాలు, పెద్దవాళ్ల విషయంలో డబ్బు గిట్టుబాటయినట్టే.

రెండు సంగతులు ఆయనకి ముందే చెప్పండి. వాచ్ గుండెపోటుని పట్టుకోలేదు, తయారీదారులే ఆ మాట రాసి ఇస్తారు. ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు "వాచ్ ఏమీ అనలేదు కదా" అని కూర్చోకూడదు. రెండోది, రక్తంలో ఆక్సిజన్ అంకెని పట్టుకుని వేలాడొద్దు. ఆసుపత్రుల్లో వేలికి తగిలించే మీటర్ల మీదే 2020లో ఒక పరిశోధన వచ్చింది. మీటరు బాగానే ఉందని చూపించినా నిజానికి ఆక్సిజన్ పడిపోయి ఉన్న సందర్భాలు తెల్లవాళ్లలో 3.6 శాతమైతే నల్లవాళ్లలో 11.7 శాతం. కాంతితో కొలిచే పరికరానికి చర్మం రంగు అడ్డొస్తుంది. దశాబ్దాలుగా వాడుతున్న వైద్య పరికరమే అలా ఉంటే మణికట్టు మీది బొమ్మ ఎంతని నమ్ముతాం?

వాచ్ విషయంలో నా మొదటి ప్రశ్నకి జవాబు బాగానే ఉంది. నచ్చకపోతే విప్పి పక్కన పెట్టేయొచ్చు. ఒంట్లో పెట్టిన దాన్ని అలా విప్పలేం. సెకండ్ సైట్ అనే అమెరికా కంపెనీ ఆర్గస్ 2 పేరుతో కంటి లోపల అమర్చే ఇంప్లాంట్ చేసేది. పూర్తిగా చూపు పోయినవాళ్లకి వెలుగు, ఆకారాలు లీలగా తెలిసేవి. 350 మందికి పైగా పెట్టించుకున్నారు. కంపెనీ 2019లో ఆ తయారీ ఆపేసింది, 2020లో దాదాపు మూతపడే స్థితికి వచ్చింది. దానితో కలిసి పనిచేసే కళ్లద్దాలో, నడుముకి కట్టుకునే యంత్రమో చెడిపోతే బాగుచేసే నాథుడు లేడు. కంట్లో లోహం అలాగే ఉండిపోయింది. దానికి భిన్నమైన ఉదాహరణ కూడా చెప్పాలి. 2017లో ఒక రకం పేస్‌మేకర్లలోకి బయటివాళ్లు చొరబడే లోపం బయటపడింది, అమెరికాలోనే 4 లక్షల 65 వేల పరికరాలు. కంపెనీ బతికే ఉంది, నియంత్రణ సంస్థ గట్టిగా పట్టుకుంది, క్లినిక్‌కి వెళ్తే కొద్ది నిమిషాల్లో సాఫ్ట్‌వేర్ మార్చి పంపారు. లోపం ఉండడం కన్నా, సరిదిద్దే మనిషి లేకపోవడం పెద్ద ప్రమాదం.

ఇంటి పరికరాలకీ ఇదే వర్తిస్తుంది. రివాల్వ్ అని ఇంట్లో లైట్లు, తాళాలు అన్నింటినీ కలిపి నడిపే ఒక హబ్ ఉండేది. దాన్ని నెస్ట్ కంపెనీ 2014లో కొంది, 2016 మేలో సర్వర్లు ఆపేసింది. కొన్నవాళ్ల ఇంట్లో ఉన్న పెట్టె ఆ రోజు నుంచి ఉత్త ప్లాస్టిక్ ముక్క. దొంగలు రాలేదు, వైరస్ రాలేదు, ఎక్కడో ఒక ఆఫీసులో ఎవరో ఒక నిర్ణయం తీసుకున్నారంతే.

కెమెరాల దగ్గరికి వద్దాం, ఇది నా ఇలాకా. మా బల్ల మీదకి కొత్త కెమెరా వస్తే మొదట దాన్ని వేరే నెట్‌వర్క్‌కి తగిలించి, అది ఎవరితో మాట్లాడుతోందో రాసుకుంటూ కూర్చుంటాం. ఒకసారి చవకరకం కెమెరా ఒకటి వచ్చింది, తయారీదారు పేరు అనవసరం. కరెంటు ఇచ్చి, ఇంకా ఖాతా కూడా తెరవకముందే, అది నాలుగు వేర్వేరు సర్వర్లకి కబుర్లు మొదలుపెట్టింది. తర్వాత రౌటర్‌కి బయటి ఇంటర్నెట్ తీసేశాం. ఫోను, కెమెరా ఒకే గదిలో, ఒకే వైఫైలో ఉన్నాయి, అయినా బొమ్మ రాలేదు. మూడడుగుల దూరంలో ఉన్న గోడని చూడాలన్నా ఆ బొమ్మ ముందు ఏ దేశానికో వెళ్లి తిరిగి రావాలన్నమాట. చివరికి మూత విప్పి చిప్‌లోని సాఫ్ట్‌వేర్ బయటికి తీస్తే, లోపల మార్చడానికి వీల్లేని ఒక పాస్‌వర్డ్ రాసి ఉంది. ఆ మోడల్ ప్రతి పెట్టెలోనూ అదే పాస్‌వర్డ్. వాడేవాడు తన యాప్‌లో ఎంత గట్టి పాస్‌వర్డ్ పెట్టుకున్నా, వెనక తలుపు బార్లా తెరిచే ఉంది.

ఇలాంటి పరికరాలు గుంపుగా దొరికితే ఏమవుతుందో 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాం చూపించింది. ఆ ప్రోగ్రాం చేసింది పెద్ద తెలివైన పనేం కాదు. ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు అరవై దాకా జాబితా రాసుకుని, ఇంటర్నెట్‌లో కనిపించిన ప్రతి కెమెరా, రౌటర్ మీదా వాటిని ప్రయత్నించింది. లక్షల పరికరాలు చేతికొచ్చాయి. వాటిలో కొన్నిటితో అక్టోబర్ 21న, వెబ్‌సైట్ల పేర్లని బట్టి వాటి చిరునామాలు చెప్పే డైన్ అనే కంపెనీ సర్వర్ల మీద పడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో చాలామందికి గంటల తరబడి అందలేదు. ఇందులో కెమెరా కొన్నాయనకి ఏ నష్టమూ జరగలేదు, ఆయనకి తెలియను కూడా తెలియదు. నా రెండో ప్రశ్న ఎందుకు ముఖ్యమో ఇక్కడ చూడండి. నష్టపోయేది కొన్నవాడు కానప్పుడు కంపెనీని నిలదీసేవాడే ఉండడు. అందుకే ఇలాంటి చోట చట్టం రావాలి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అన్ని పెట్టెలకీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి అమ్మడం చట్టవిరుద్ధం, ఎన్నాళ్లు అప్‌డేట్లు ఇస్తారో కూడా కొనేటప్పుడే చెప్పాలి. మీ దేశంలో అలాంటి చట్టం ఉన్నా లేకున్నా ఆ రెండో విషయం మీరే అడగండి. జవాబు లేకపోతే కొనకండి.

బయటి దొంగల సంగతి సరే, లోపలివాళ్ల మాటేమిటి? రింగ్ కెమెరాల కంపెనీ ఉద్యోగులు వాడకందార్ల ఇళ్లలోని వీడియోలు చూడగలిగే పరిస్థితి ఉండేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో ఆరోపించింది, 58 లక్షల డాలర్లతో కేసు పరిష్కారమైంది. వీధి గుమ్మానికి కెమెరా పెట్టండి, పెరటికి పెట్టండి. పడకగదికి, పిల్లల గదికి మాత్రం వద్దు. ఇంటర్నెట్ లేకపోయినా లోపలి మెమరీ కార్డులో రికార్డు చేసుకునే రకం వెతకండి. రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ అని ఒకటి ఉంటుంది, ఇలాంటి వస్తువులన్నీ దాని మీద పడేయండి. మీ కంప్యూటర్ ఉన్న నెట్‌వర్క్‌లోకి వాటిని రానివ్వొద్దు. ఇది పావుగంట పని, చాలామంది చేయరు.

వేలిముద్ర తాళం గురించి అడిగారు. అందరూ అనేమాట ఒకటుంది: పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేం. మాట నిజమే గానీ సగమే. ఆ ముద్ర ఎక్కడ ఉంటుందన్నది అసలు విషయం. మంచి ఫోన్లలో అది ఫోన్ చిప్‌లోనే ఒక ప్రత్యేకమైన భాగంలో ఉండిపోతుంది, బయటికి పోదు. దాన్ని నేను నిశ్చింతగా వాడతాను. సర్వర్‌లో పోగేసే వ్యవస్థలతోనే పేచీ. 2015లో అమెరికా ప్రభుత్వ ఉద్యోగుల వివరాలు దొంగిలించినప్పుడు 56 లక్షల మంది వేలిముద్రలు కూడా పోయాయి. ఆ మనుషులు బతికున్నంతకాలం అవి ఎవరి చేతిలోనో ఉంటాయి. కాబట్టి తాళం అమ్మేవాళ్లని ఒక్క ముక్క అడగండి: ముద్ర తాళంలోనే ఉంటుందా, మీ సర్వర్‌కి వస్తుందా? సర్వర్‌కే అంటే మామూలు అంకెల తాళం మేలు. పక్కన ఇనుప తాళంచెవి కన్నం కూడా ఉండాలి. బ్యాటరీ అయిపోయిన రాత్రి దాని విలువ తెలుస్తుంది.

ముఖం గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ వేరే కథ, అది మీరు కొనకపోయినా మీ మీద పనిచేస్తుంది. 2018లో జాయ్ బ్యులామ్విని, టిమ్నిట్ గెబ్రూ అనే పరిశోధకులు మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్లు పరీక్షించారు. ముఖం చూసి ఆడో మగో చెప్పమంటే, తెల్లగా ఉన్న మగవాళ్ల విషయంలో తప్పులు 0.8 శాతం మించలేదు. ముదురు రంగు ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి 34.7 శాతం దాకా వెళ్లాయి. 2020 జనవరిలో డెట్రాయిట్ పోలీసులు ఇలాంటి సాఫ్ట్‌వేర్ చెప్పిన మాట పట్టుకుని రాబర్ట్ విలియమ్స్ అనే నల్లజాతి వ్యక్తిని భార్యాపిల్లల ముందే అరెస్టు చేశారు, 30 గంటలు లోపల ఉంచారు. ఆయన ఆ దొంగతనంతో ఏ సంబంధమూ లేని మనిషి.

ఇప్పుడు ఆ డీఎన్ఏ కిట్. దయచేసి పక్కన పెట్టండి. 2023లో, ఇలాంటి కిట్లే అమ్మే 23అండ్‌మీ అనే కంపెనీలో జరిగింది చూడండి. వేరే సైట్లలో లీకైన పాస్‌వర్డ్‌లే ఇక్కడా వాడుతున్న సుమారు 14 వేల ఖాతాల్లోకి దొంగలు చొరబడ్డారు. ఆ 14 వేల మంది ద్వారా పోయిన వివరాలు 69 లక్షల మందివి. బంధువుల్ని కలిపే సదుపాయం ఒకటి ఉంది కదా, ఒక ఖాతా తెరిస్తే వాళ్లతో కలిసే వందలమంది పేర్లు బయటపడతాయి. మీ పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా మీ పినతండ్రి కొడుకు పాస్‌వర్డ్ బలహీనమైతే మీ గుట్టు రట్టు. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, కోటిన్నర మంది జన్యు సమాచారం అప్పులవాళ్ల ముందు ఆస్తిగా నిలబడింది. ఇందులో మంచి కూడా ఉంది, కాదనను. 1970, 80ల్లో కాలిఫోర్నియాని వణికించిన హంతకుడు 2018లో దొరికింది దూరపు బంధువులు ఒక వెబ్‌సైట్‌లో పెట్టుకున్న డీఎన్ఏ ఆధారంగానే. అంటే మీరు ఆ కిట్‌లో ఉమ్మి పట్టి పంపితే మీ పిల్లల తరఫున, ఇంకా పుట్టని మనవల తరఫున కూడా సంతకం పెట్టినట్టు. వైద్యుడు ఫలానా జబ్బు కోసం అడిగితే ఆసుపత్రిలో చేయించండి, అది వేరు. సరదా కోసం వద్దు.

చాట్‌బాట్ల గురించి రెండు వర్గాలూ అతిగానే మాట్లాడుతున్నాయి. అది చేసే పని, ఇంతవరకూ ఉన్న మాటల తర్వాత ఏ ముక్క రావడం సహజంగా ఉంటుందో లెక్కగట్టడం. నిజమైన వాక్యం, నిజంలా ఉండే వాక్యం దానికి ఒకే మూసలోంచి వస్తాయి. అందుకే తప్పు చెప్పేటప్పుడు గొంతు తడబడదు. మనుషుల్లో అబద్ధాన్ని పట్టుకోవడానికి మనం వాడే ఆనవాళ్లేవీ ఇక్కడ పనిచేయవు. 2023లో న్యూయార్క్ కోర్టులో ఇద్దరు లాయర్లు ఒక విమానయాన సంస్థ మీద కేసులో పాత తీర్పులు ఉదహరించారు, వాటిలో ఆరు అసలు లేనేలేవు. చాట్‌జీపీటీ పుట్టించినవి. "ఇవి నిజమైనవేనా?" అని దాన్నే అడిగితే నిజమేనందట. జడ్జి 5 వేల డాలర్ల జరిమానా వేశారు.

కాబట్టి పిల్లలకి నేను చెప్పే పద్ధతి ఇది. సరిచూడడం తేలికైన పనులకే దాన్ని వాడాలి. చేసిన లెక్కలో ఎక్కడ తప్పిందో చూపించమను, చూపించాక నువ్వే మళ్లీ చేసి చూసుకోవచ్చు. రాసిన ఉత్తరంలో భాష సరిచేయమను, చదివితే తెలుస్తుంది. అర్థంకాని పాఠాన్ని మరోలా చెప్పమను. ఫలానా సంవత్సరం ఏం జరిగింది, ఫలానా మందు ఎంత వేసుకోవాలి లాంటివి అడిగితే మాత్రం జవాబు తప్పైనా మనకి తెలిసే దారి లేదు, అక్కడ పుస్తకమో డాక్టరో ఉండాలి. చిక్కు ఇంకొకటుంది. వ్యాసం రాయడంలో కష్టపడేదే చదువు. ఆ కష్టాన్ని యంత్రానికి అప్పగిస్తే మార్కులొస్తాయి, రాయడం రాదు. ఇది మెల్లగా జరిగే నష్టం, పదేళ్లకి గానీ కనపడదు, వెనక్కి తెచ్చుకోవడమూ కష్టం. మొదటి ప్రతి చేత్తో రాశాకే చాట్‌బాట్ తెరవాలన్న నియమం ఇంట్లో పెట్టండి. మీరు కూడా పాటిస్తేనే పిల్లలు పాటిస్తారనుకోండి, అది వేరే విషయం.

కంపెనీలు పెట్టిన చాట్‌బాట్ మాటిస్తే ఎవరిది పూచీ? ఎయిర్ కెనడా చాట్‌బాట్ ఒకతనికి, దగ్గరి బంధువు పోయినప్పుడు ప్రయాణించాక కూడా టికెట్ రాయితీకి దరఖాస్తు చేయొచ్చని చెప్పింది. తీరా అడిగితే కంపెనీ కుదరదంది. చాట్‌బాట్ వేరే వ్యక్తిలాంటిది, దాని మాటలకి మా బాధ్యత లేదన్నట్టు వాదించింది కూడా! 2024 ఫిబ్రవరిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ ఆ వాదన కొట్టేసి, సుమారు 812 కెనడా డాలర్లు కట్టమంది. డబ్బు చిన్నదే, తీర్పు పెద్దది. అలాంటి సంభాషణల స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

మీరు అడగలేదు గానీ నేను ఎక్కువ భయపడేది గొంతు నకలు గురించి. 2023 జనవరిలోనే మైక్రోసాఫ్ట్ పరిశోధకులు మూడు సెకన్ల శబ్దంతో మనిషి గొంతుని అనుకరించే వ్యవస్థని చూపించారు. 2024 మొదట్లో అరప్ అనే ఇంజనీరింగ్ కంపెనీ హాంకాంగ్ ఆఫీసు ఉద్యోగి వీడియో కాల్‌లో తన పై అధికారుల్ని చూసి, మాటలు విని, 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపేశాడు. ఆ కాల్‌లో అతను తప్ప మిగతావాళ్లంతా కంప్యూటర్ సృష్టించినవాళ్లే. కాల్‌కి ముందు అతనికి అనుమానం వచ్చింది, అది సరైనదే. తెలిసిన ముఖాలు కనిపించేసరికి అది పోయింది. ఇంట్లో నలుగురికీ తెలిసిన ఒక రహస్య మాట పెట్టుకోండి. "నాన్నా, యాక్సిడెంట్ అయింది, అర్జెంటుగా డబ్బు పంపు" అని కొడుకు గొంతుతో ఫోనొస్తే ఆ మాట అడగాలి. లేదా పెట్టేసి, మన దగ్గరున్న నంబర్‌కి మనమే చేయాలి. నాన్నగారికి వాచ్ పెట్టే రోజే ఇదీ నేర్పండి. వాచ్ కన్నా ముందు ఇదే అక్కరకొస్తుందేమో.

మిగతావి గబగబా. సగం తనే నడుపుకునే కార్లలో చిక్కు యంత్రం కన్నా మనిషి దగ్గరే ఎక్కువ. అంతా బాగానే నడుస్తుంటే ఎవడి దృష్టీ నిలవదు, సరిగ్గా అవసరమైన క్షణానికి పరధ్యానంలో ఉంటాడు. 2018లో అరిజోనాలో ఊబర్ పరీక్షా కారు ఒకావిడని గుద్ది చంపినప్పుడు చక్రం ముందు కూర్చున్న ఉద్యోగి ఫోన్‌లో వీడియో చూస్తోంది. లిథియం బ్యాటరీలు ఒకసారి లోపల వేడి అదుపు తప్పితే మామూలు మంటలా ఆరవు, కాబట్టి ఎలక్ట్రిక్ సైకిల్‌ని రాత్రంతా గుమ్మానికి అడ్డంగా పెట్టి చార్జ్ చేయొద్దు, దానితో వచ్చిన చార్జరే వాడండి. అన్నీ ఒకే బుట్టలో పెట్టడం గురించి చెప్పాలంటే, 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా కంపెనీ పంపిన ఒక్క తప్పు అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి, విమానాలు ఆగాయి, ఆసుపత్రులు కాగితం మీదకి మళ్లాయి. ఇంట్లో కొంత నగదు, ముఖ్యమైన ఫోన్ నంబర్లు రాసిన కాగితం ఉంచుకోమనడం చాదస్తమేం కాదు. ఇక పాత పరికరాల సంగతి: 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు, అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసింది 22.3 శాతమే. అప్‌డేట్లు ఆపేసి బాగున్న వస్తువుని చెత్త చేసే కంపెనీలకి ఇందులో పెద్ద వాటా ఉందని నా అభిప్రాయం.

"ఇప్పుడే కొనాలా, ఆగాలా" అన్నారు. వాచ్ ఇప్పుడే కొనండి, కానీ నాన్నగారిని అడిగి కొనండి. ఆయన ఎక్కడున్నారో, ఎన్ని గంటలు నిద్రపోయారో మీ ఫోన్‌కి వచ్చేలా పెట్టాలంటే ఆయన ఒప్పుకోవాలి. చాలా ఇళ్లలో పిల్లలు ప్రేమతోనే ఈ పని చెప్పకుండా చేస్తున్నారు, తెలిశాక పెద్దవాళ్లు వాచ్ తీసి సొరుగులో పడేస్తున్నారు. పడిపోతే కబురొచ్చేది ఒక్కటి ఉంచి, మిగతావి ఆయన ఇష్టానికి వదలండి. చాట్‌బాట్ ఎలాగూ ఇంట్లోకి వచ్చేసింది, పైన చెప్పిన నియమంతో సాగనివ్వండి. గుమ్మం కెమెరా కొనొచ్చు. తాళానికి మాత్రం తొందరేం లేదు, ఒక ఏడాది ఆగితే ఏ కంపెనీ నిలబడింది, ఎవరు అప్‌డేట్లు ఇస్తున్నారు అన్నది తెలుస్తుంది. కిట్ డబ్బా తెరవకుండా ఉంటే తిరిగిచ్చేయండి. కెమెరా ఇంటికొచ్చాక వాపసు గడువు ఉండగానే ఒక పరీక్ష చేయండి: రౌటర్‌కి బయటి ఇంటర్నెట్ తీగ పీకేసి యాప్ తెరవండి. బొమ్మ రాకపోతే డబ్బాలో పెట్టి వెనక్కి పంపేయండి.